క్యాంపు గోడ మీద ఇస్తరాకు

ఖిల్లాలంటే నాకు పడదు. ఒమన్‌లో ఏ ఊరికి పోయినా ఒక ఖిల్లా ఉంటుంది, దానికి కొత్తగా మట్టిరంగు పూసి ఉంటుంది, లోపల ఒక జైలు ఉంటుంది. ఆ జైలు చూడటానికి జనం టికెట్టు కొని మరీ పోతారు. నేను ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఉండి ఒక్క ఖిల్లా గడప తొక్కలేదు. మొన్న చలికాలంలో తొక్కాల్సి వచ్చింది, అదీ మా అక్క కోసం.

అక్క విజిట్ వీసా మీద వచ్చింది. ఆమె బిడ్డ, అంటే నా మేనకోడలు, మస్కట్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. నేను మబేలాలో ఇసుక, సిమెంటు, పైపులు అమ్మే దుకాణంలో పికప్ నడుపుతాను. తల్లిని తిప్పి చూపించాలని పిల్లకు ఉబలాటం. సముద్రం చూపించింది, పెద్ద మసీదు చూపించింది, బంగారు దుకాణాల బజారు చూపించింది. అక్క అన్నింటికీ తలూపి, చివరికి అసలు మాట బయటపెట్టింది.

"మీ బావ సచ్చిన జాగ చూపియ్యి తమ్మీ. పిట్టకు వెడత."

మా జగిత్యాల వైపు మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, ఇస్తరాకులో వేసి, గోడ మీదో బండ మీదో పెట్టి అందరూ దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరే ముందుకు వచ్చి చెప్పుకుంటారు. పిల్లను మంచిగ చూసుకుంటమని ఒకరు, అన్నదమ్ములు కలిసే ఉంటమని ఒకరు. పోయినవాళ్ళతో కొట్లాట ఉన్నవాళ్ళు కూడా రావాలి. నీ మీద నాకేం కోపం లేదు, తిను అనాలి. ఆ మాటతో కాకి దిగిన కథలు మా ఊళ్ళో ఇంటికొకటి దొరుకుతాయి.

బావకు పెట్టిననాడు పిట్ట ముట్టలేదు. పొద్దున పెట్టిన ఆకు సాయంత్రందాకా అట్లాగే ఉందట. వేపిన కార్జం ముక్కలు ఎండిపోయాయి, చీమలు పట్టాయి, చివరికి అన్నం బర్రెకు పెట్టి అందరూ తలలు దించుకుని ఇళ్ళకు పోయారు. నేను లేను. అప్పుడు ఇబ్రిలో వేరే కంపెనీలో ఉన్నాను. సెలవు ఇవ్వలేదని ఫోన్లో అక్కకు చెప్పాను. నిజానికి నేను అడగనే లేదు. ఆ మనిషి మట్టికి, అంటే అంత్యక్రియలకు, పోవడం నాకు ఇష్టం లేదు, ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకున్నా ఇష్టం లేదు. కానీ అక్క మనసులో ఆ ఆకు అట్లాగే ఉండిపోయింది. తన భర్త ఎక్కడా చేరలేదని, ఆ క్యాంపులోనే తిరుగుతున్నాడని ఆమె నమ్మకం. తమ్ముడు వచ్చి కోపం లేదని ఒక్క మాట అంటే ముడతాడని ఇంకో నమ్మకం. మా ఇద్దరికీ పడదని ఆమెకు తెలుసు. ఎందుకు పడదో నేను ఎన్నడూ చెప్పలేదు.

సరే, తీసుకుపోతాను అన్నాను. ఆ మాట మాత్రం అననని లోపల గట్టిగా అనుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే ముగ్గురం పికప్‌లో బయలుదేరాం. క్యాంపు రుస్తాఖ్ దాటాక కొండల కింద ఉంటుంది. అక్క ఒడిలో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని కూర్చుంది. తెల్లారకముందే లేచి బగార అన్నం, కోడికూర, కార్జం వేపుడు చేసింది. మోదుగాకులతో కుట్టిన ఇస్తరాకులు ఊరి నుంచే బ్యాగులో తెచ్చుకుంది. ఒక బీడీ కట్ట కూడా తెచ్చింది. దారి పొడుగునా వాసనకు నాకు ఆకలి వేసింది, ఆ మనిషి కోసం వండిన కూరకు నోరూరినందుకు నా మీద నాకే చిరాకు పుట్టింది.

"మామా, దార్లనే ఖిల్లా ఉన్నది. అమ్మకు చూపిద్దాం," అంది మేనకోడలు.

"ఎందుకు బిడ్డా, మన్ను గోడలు మనూళ్ళె లేవా?"

"జైలు కూడా ఉన్నదట మామా. బొమ్మలు పెట్టిన్రట."

జైలు చూపించడానికి ఇంత హుషారు ఏమిటో నాకు అర్థం కాదు. అయినా అక్క సరే అనడంతో ఆపాను.

లోపల అంతా నేను అనుకున్నట్టే ఉంది. తలుపుకు బొటనవేలంత మేకులు, వాటికి నూనె రాసి నిగనిగలాడించారు. పైకప్పులో ఒక కంత చూపించి, శత్రువులు వస్తే దీంట్లోంచి మరిగే ఖర్జూర పాకం పోసేవాళ్ళని బోర్డు మీద రాశారు. దాని కింద నిలబడి ఒకాయన నోరు తెరిచి, పాకం పడుతున్నట్టు ఫోటో దిగుతున్నాడు. కింద జైలు గది. వంగి పోవాలి. ఎర్ర బల్బు, గోడకు గొలుసులు, మూలన గడ్డం ఉన్న మూడు బొమ్మలు. ఎక్కడో దాచిన స్పీకర్లోంచి మూలుగులు. ఆ మూలుగు విన్నాక నాకు ఒళ్ళు మండింది. మూలిగే మనిషిని నేను విన్నాను. అది అట్లా ఉండదు. మొదట ఎక్కువగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది, తగ్గినప్పుడే భయం వేస్తుంది. ఈ స్పీకర్ మూలుగు మాత్రం ఎంతసేపైనా ఒకే తీరుగా వస్తూనే ఉంది.

హైదరాబాద్ నుంచి టూరుకు వచ్చిన కుటుంబం ఒకటి లోపలే ఉంది. ఆ ఇంటాయన కాళ్ళకు సంకెళ్ళు తగిలించుకుని నవ్వుతూ, మేం తెలుగువాళ్ళమని కనిపెట్టి, ఫోన్ నా చేతికి ఇవ్వబోయాడు.

"బ్రదర్, ఒక ఫోటో ప్లీజ్. సంకెళ్ళు పడేట్టు తియ్యండి."

"తీస్త సార్. మీరు లోపలనే ఉండున్రి, నేను తలుపు మూసి గొళ్ళెం పెట్టి బయటినుంచి తీస్త. మంచిగ వస్తది," అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. మేనకోడలు నా మోచెయ్యి పట్టుకుని అవతలికి లాగింది. "ఏంది మామా, గట్లంటవ్?" అంది. ఇంకేం అనాలి. ఎవడో చచ్చిన గదిలో పళ్ళు బయటపెట్టి ఫోటో దిగేవాణ్ణి చూస్తే నా చేతులు ఊరుకోవు. నోటితో సరిపెట్టుకున్నానంటే ఆడవాళ్ళు వెంట ఉన్నందుకే.

అక్క జైలు గదిలోకి రాలేదు. వెతికితే బయట, మెట్ల దగ్గర కనిపించింది. అక్కడ గోడలో చిన్న గూడులాంటి గది ఉంది, అందులో కాపలావాడి బొమ్మ. తలపాగా, నడుముకు కత్తి, చేతిలో తాళంచెవుల గుత్తి. అందరూ దాన్ని దాటుకుని ఖైదీలను చూడటానికి పోతున్నారు. అక్క ఒక్కతే దాని ముందు నిలబడి ఉంది. పక్కన ఖిల్లాలో పనిచేసే ముసలాయన, ఒమానీ, కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు హిందీ వచ్చు.

"ఈ కావలాయన భార్య ఏడ ఉంటుండెనో అడుగు తమ్మీ," అంది అక్క.

నేను అడిగాను. ఆయనకు ఇట్లాంటి ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. కాసేపు గడ్డం నిమురుకుని, ఊళ్ళో ఉండేదేమో, ఎవరికి తెలుసమ్మా, ఖైదీల సంగతి రాశారు గానీ వీళ్ళ సంగతి ఎవరూ రాయలేదు అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. అక్క బొమ్మ చేతిలోని గుత్తి వంక చూస్తూ, "ఇంటికి వోయి ఏమని చెప్తుండెనో," అంది. మొగుడు పోయిన మనిషి ఏదో మాట్లాడుతోందనుకుని నేను పట్టించుకోలేదు. పదండి, ఎండ ఎక్కుతోంది అన్నాను.

ఖిల్లా నుంచి క్యాంపుకు ఎక్కువ దూరం లేదు.

ఆ క్యాంపులో నేను ఉన్నప్పుడు మా బావ క్యాంప్ బాస్. క్యాంప్ బాస్ అంటే పేరుకే బాస్. మాలాగే వీసా మీద వచ్చినవాడే, మా భాషవాడే, మాలో ఎక్కువమంది మా జిల్లావాళ్ళే. రూముల్లో ఎవరు పడుకోవాలి, నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడు రావాలి, జనరేటర్ ఎప్పుడు ఆపాలి, అన్నీ అతని చేతిలో ఉండేవి. మేం రేకుల రూముల్లో ఉడికిపోతుంటే అతనికి గేటు పక్కన ఏసీ క్యాబిన్. ఒకసారి ఇద్దరు మనుషులు ఖల్లివెల్లి అయ్యారు. అంటే కంపెనీ నుంచి పారిపోయి బయట ఎక్కడో పని చూసుకున్నారు. అప్పటినుంచి కంపెనీ శుక్రవారం గేటుకు తాళం వెయ్యమంది. డ్యూటీ లేని ఒక్క దినం, ఆ దినం మేం గేటు లోపల. ఇంజనీర్ ఆర్డర్ లేకుండా తియ్యకూడదు. బావ ఆ తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. స్నానానికి పోయినా అది మొలకే ఉండేది. మనిషి మొలతాడుకు తాయెత్తు కట్టుకుంటాడు, ఇతను కంపెనీ తాళంచెవి కట్టుకున్నాడు.

ఎండాకాలం ఒక శుక్రవారం మధ్యాహ్నం నా రూంలో ఉండే మేస్త్రీకి గుండె పట్టేసింది. మంచి మనిషి, గోడ కడితే దారం పట్టనవసరం లేదు అనిపించేవాడు. ముందురోజు ఎండలో స్లాబు మీద పనిచేసి వచ్చాడు. ఛాతీ పట్టుకుని కింద పడి మెలికలు తిరుగుతుంటే నలుగురం ఎత్తుకుని గేటు దగ్గరికి తెచ్చాం. గేటు అవతల రోడ్డు, రోడ్డు మీద కార్లు పోతున్నాయి. ఒక్క కారు ఆపినా ఆసుపత్రికి తీసుకుపోతారు. క్యాబిన్ తలుపు కొట్టాం. బావ తలుపు సందులోంచి చూసి, "ఇంజనీర్ ఫోన్ ఎత్తుతలేడు. ఆర్డర్ లేకుంటే తియ్య," అన్నాడు. బావా, మనిషి సస్తున్నడు అని నేను అరిచాను. "నా చేతుల ఏం లేదురా," అని తలుపు వేసుకున్నాడు.

అద్దంలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. మాకు వీపు పెట్టి ఫోన్లో మాట్లాడుతున్నాడు. చాలాసేపు మాట్లాడాడు. ఇంజనీర్‌తో అయితే అంతసేపు ఉండదు. ఇక్కడ మనిషి పోతుంటే అక్కడ ఎవరితోనో తీరిగ్గా ముచ్చట పెడుతున్నాడు. గోడ ఎక్కుదామంటే పైన ముళ్ళ తీగ. బయటికి అరిచాం, చేతులు ఊపాం, కార్లు పోతూనే ఉన్నాయి. అంబులెన్స్‌కు ఫోన్ చేద్దామంటే మాలో ఎవరికీ ఆ క్యాంపు ఎక్కడుందో చెప్పే పేరు తెలియదు, మమ్మల్ని రోజూ బస్సులో తెచ్చి దింపేవాళ్ళు అంతే. మేస్త్రీ గేటు నీడలో, నా తొడ మీద తల పెట్టి పోయాడు. ఆ తర్వాత బావ గేటు తీశాడు. ఆర్డర్ వచ్చిందట.

మూడోనాడు మేం క్యాంపు గోడ మీద మేస్త్రీకి పెట్టాం. అన్నం, పప్పు, ఒక గుడ్డు. అందరం దూరంగా నిలబడ్డాం. ఆ కొండల దగ్గర కాకులు లేవు, గోరింకలే మాకు పిట్టలు. అప్పుడు బావ వచ్చాడు. చేతిలో ప్లేటు, అందులో అతను వండిన కూర. ఆకు దగ్గరికి పోబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను. "నీ నీడ పడితె పిట్ట రాదు. జరుగు," అన్నాను. మేం పిల్లనిచ్చిన ఇంటి మనిషిని నలుగురిలో అట్లా అనడం మాలో ఎంత పెద్ద మాటో చదివేవాళ్ళకు తెలుసు. అతను ప్లేటు పట్టుకుని వెనక్కి పోయాడు. గోరింకలు దిగి తిన్నాయి. నేను ఆ నెలాఖరుకు కంపెనీ మారాను. ఆ తర్వాతి చలికాలంలో బావ ఆ క్యాబిన్‌లోనే, పడుకున్నవాడు లేవలేదని కబురు వచ్చింది.

ఇప్పుడు ఆ క్యాంపు లేదు. కంపెనీ మూసేసి పోయింది. గేటు పక్క క్యాబిన్ కూడా లేదు, అది నిలబడిన చోట సిమెంటు దిమ్మ మిగిలింది. రేకుల రూములలో రెండు నిలబడి ఉన్నాయి, వాటిలో ఎవరో మేకలకు గడ్డి మోపులు పెట్టుకున్నారు. గేటు తలుపులు ఎవరో ఇనుముకు ఊడదీసుకున్నారు. స్తంభాలు మాత్రం ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు. వందల ఏళ్ళ కిందటి జైలు తలుపుకు నూనె రాసి, లైటు పెట్టి, టికెట్టు అమ్ముతున్నారు. మా మేస్త్రీ ప్రాణం పోయిన గేటును మాత్రం తూకానికి అమ్ముకున్నారు.

మేనకోడలు బండి దగ్గర ఆగిపోయింది. క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది, మాట్లాడుతూ అటు తిరిగింది. అక్క గోడ మీద దుమ్ము చీర కొంగుతో తుడిచి, ఇస్తరాకు పరిచి, అన్నీ ఒక్కొక్కటే వడ్డించింది. బీడీ వెలిగించి ఆకు పక్కన పెట్టింది. అది ఒకప్పుడు మేం మేస్త్రీకి పెట్టిన గోడే. ఆమెకు చెప్పలేదు.

ఇద్దరం కొంచెం వెనక్కి జరిగాం. కరెంటు తీగ మీద గోరింకలు వరుసగా కూర్చుని ఉన్నాయి. చూస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు. బీడీ ఆరిపోయింది.

"బిడ్డ నౌకరి చేత్తున్నదయ్యా. మంచిగున్నది. రంది వెట్టుకోకు, తిను," అంది అక్క. కదలలేదు. "ఇల్లు మంచిగున్నది. మీ అవ్వను నేనే సాదిన, కడదాక సాదిన. తిను." అవి అట్లాగే కూర్చున్నాయి. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఒక్క మాట అను తమ్మీ."

"నేననక్కా."

"సచ్చిన మనిషి మీద ఏం కోపంరా?"

ఇన్నేళ్ళు ఆపుకున్నది ఇక ఆగలేదు. మొత్తం చెప్పేశాను. మేస్త్రీ సంగతి, గేటు, మొలతాడు, అద్దంలోంచి కనిపించిన వీపు. ఆమె మొహం చూడకుండా, గేటు స్తంభం వైపు చూస్తూ చెప్పాను. "ఇక్కడనే సచ్చిండక్కా. గీ జాగల. నీ మొగడు ఏసీల కూసోని ఫోన్ల ముచ్చట వెట్టిండు," అన్నాను. నాకు కసి తీరినట్టే అయింది. అక్క ఏడుస్తుందనుకున్నాను.

ఏడవలేదు. "ఎవలతోని మాట్లాడిండో ఎరుకేనా నీకు?" అంది.

నేను స్తంభం మీంచి చూపు తిప్పి ఆమె వైపు చూశాను.

"నాతోని. ఇంజనీరు ఎత్తుతలేడు, వీళ్ళు తలుపు వలగ్గొడుతున్రు, తియ్యాల్నా వద్దా అని నన్నడిగిండు. ఏడ్సుకుంట అడిగిండురా. తియ్యకు అన్న. నౌకరి వోతది, పిల్ల సదువు ఆగుతది, ఏమన్న అయితె కంపెనోడే సూసుకుంటడు, నువ్వు తియ్యకు అన్న. మల్ల మల్ల అడిగిండు. మల్ల మల్ల అదే జెప్పిన." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. ఖిల్లాలో కాపలావాడి భార్య గురించి అడిగినప్పటి గొంతే. "పిట్ట ముట్టంది నీ వల్ల కాదు తమ్మీ. నా వల్ల. అందుకే అచ్చిన. ఆయన సంగతి ఇడిసిపెట్టు. నా మీద కోపం లేదను. గంతే."

ఆమె మీద నాకు ఎన్నడూ రానంత కోపం వచ్చింది. నన్ను చంక దింపకుండా మోసిన అక్క. నేను తిండి మానేస్తే తను మానేసిన అక్క. ఆమె గొంతు ఆ తలుపు లోపలి నుంచి మా మేస్త్రీ మీద పడిందన్నమాట. బండి దగ్గర మేనకోడలు ఫోన్లో ఎవరికో మందుల పేర్లు చెబుతోంది. ఆ చదువు, ఆ నర్సు ఉద్యోగం. నాకు గోడను తన్నాలనిపించింది. నోరు తెరిచాను. కోపం లేదు అనే ఆ చిన్న మాట నాలుక దాకా కూడా రాలేదు. ఎట్లా వస్తుంది, ఉంది కాబట్టి.

అక్క ఎదురుచూసింది. ఇక రాదని తెలుసుకుని ఆకు వైపు తిరిగి చేతులు జోడించింది, కళ్ళు మూసుకుంది.

"వాడు అనడట. అనకుంటె అనకపాయె. ఆకలి మీదున్నవు, నువ్వు తిను. మేస్త్రిని గూడ పిలుసుకో. ఇద్దరు తినున్రి."

గోరింక ఒకటి తీగ మీంచి గోడ చివరకు దిగింది. రెండు అడుగులు వేసి ఆగిపోయింది. నా వంకే చూస్తోంది. అప్పుడు చూసుకున్నాను. చెబుతూ చెబుతూ నేను ఎప్పుడో ముందుకు వచ్చేశాను. ఎండ నా వీపు మీద ఉంది, నా నీడ పొడుగ్గా పోయి సరిగ్గా ఇస్తరాకు మీద పడి ఉంది. అన్నం సగం నీడలో ఉంది.

నేను వెనక్కి అడుగు వేశాను. నీడ కూర మీంచి జరిగింది. ఇంకో అడుగు వేశాను. చప్పుడు కాకుండా, ఊపిరి బిగబట్టి, గేటు స్తంభం వీపుకు తగిలేదాకా వెనక్కే నడిచాను. ఆకు మీద ఎండ పడింది. గోరింక గెంతి వచ్చి ఒక కార్జం ముక్క లాగింది. ఇంకొకటి దిగింది.

అక్క కళ్ళు తెరవలేదు. "ముట్టిందా తమ్మీ?" అంది.

"ముట్టింది," అన్నాను.